ఉప్పు అడగడానికి వచ్చిన మొదటి మనిషి

తెల్లవారుతుండగా బిడ్డ మూలిగాడు. ఉమిహానా లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్లింది. ఉయ్యాల కమ్మి మీద దీపపు పురుగు ఒకటి వాలి ఉంది. దీపం ఎప్పుడో ఆరిపోయింది. అయినా అది అక్కడే ఉంది. ఆమె బిడ్డ చొక్కా పైకెత్తి చూసింది. బిడ్డ రొమ్ములు మళ్లీ ఉబ్బాయి. వేలు తగలగానే ఏడుపు అందుకున్నాడు.

అప్పుడు ఆ మాట అనేసింది.

"తెల్లారాక రా. ఉప్పు, రొట్టె ఇస్తాను."

పురుగు లేచి తలుపు వైపు ఎగిరింది. తాళం కంతలోంచి పోయిందో, చీకట్లో గోడకు అంటుకుందో ఆమెకు తెలియలేదు.

వ్లాషిచ్ కొండ వాలులో ఆ మాట తెలియని ఆడది లేదు. మోరా అనే రాత్రి పీడ ఎక్కడినుంచో ఊడిపడదు. ఊళ్లోనే ఉంటుంది, పగలు అందరిలాగే పాలు పితుకుతుంది, గిన్నెలు తోముతుంది. రాత్రి ఒళ్లు మంచం మీదే ఉంటుంది, ప్రాణం మాత్రం పురుగై బయటికి పోతుంది, అది తిరిగొచ్చేదాకా ఎంత లేపినా ఒళ్లు లేవదు. పసివాళ్ల రొమ్ము చప్పరిస్తుంది, పెద్దవాళ్ల గుండెల మీద కూర్చుంటుంది. ఉప్పుకు రమ్మని పిలిస్తే రాకుండా ఉండలేదు. మర్నాడు ఆ గడపకు వచ్చి ఏదైనా అడిగే మొదటి ఆడమనిషి ఎవరో, ఆమే. అడిగింది చేతిలో పెట్టి, ఇంక రావద్దని మొహం మీద చెప్పాలి. దాంతో పీడ విరగడవుతుంది.

ఉమిహానాకు భయం వేయలేదని కాదు. భయంకంటే ముందు ఇంకోటి వచ్చింది. ఎవరొస్తారు? పొయ్యి రాజేస్తూ, ఆవుకు మేత వేస్తూ, ఒక్కొక్క ఇంటి గుమ్మం తలచుకుంటూ పోయింది. ప్రతిసారీ తిరిగి తిరిగి ఒకే గుమ్మం దగ్గర ఆగింది. తిజాది. బట్టలు కుట్టే తిజాకు పెళ్లి కాలేదు, నలభై దాటింది. పెళ్లికాని ఆడదే మోరా అవుతుందని అందరూ అంటారు. పైగా మొన్న బిడ్డను ఎత్తుకుని "ఎంత బొద్దుగా ఉన్నాడో" అంది. దిష్టి తగలకుండా మాషల్లా అనలేదు.

నీళ్ల కోసం ఊట దగ్గరికి వెళ్లినప్పుడు పక్కింటి పెంబా కనిపించింది. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊరి కోడళ్లయ్యారు.

"ఏంటే, మొహం అలా ఉంది?" అంది పెంబా.

ఉమిహానా చెప్పింది. మొత్తం చెప్పింది. చివర "ఎవరితోనూ అనకు" అని కూడా అంది.

"నాకేం పని, నేనెందుకంటానూ?" అంది పెంబా, కుండ నిండకుండానే ఎత్తుకుని.

ఉమిహానా చేసిన పొరపాటు అదే. ఆ మాట అన్నాక, మనిషి వచ్చి అడిగేదాకా నోరు మెదపకూడదు.

ఆ పూట ఉమిహానా వాళ్ల ఇంటి గడ్డి వంతు. మగవాళ్లు పొడుగు కొడవళ్లతో వాలంతా కోసేసి, ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. ఆమె మొగుడు రెషాద్ గనిలో ఉన్నాడు, శనివారం గాని రాడు. కోసిన గడ్డి ఎండి పరచుకుని ఉంది. దాన్ని పళ్ల కర్రలతో లాగి, కుప్పలు చేసి, నిలువు కర్ర చుట్టూ వామి వేయడం ఆడవాళ్ల పని. ఒకరింటి గడ్డికి ఊరి ఆడవాళ్లంతా వెళ్తారు, మర్నాడు ఇంకొకరింటికి. ముందు ఆ ఇంటికి వచ్చి కాఫీ తాగి, తర్వాత పొలానికి పోతారు.

ఉమిహానా కాఫీ గింజలు వేయించి, పొడి చేసి ఉంచింది. ఆలుగడ్డలు ఉడకేసింది. కప్పులు పళ్లెంలో పేర్చింది. ఎండ వాకిట్లోకి వచ్చింది, ఎవరూ రాలేదు. ఎండ పోయింది, ఎవరూ రాలేదు. కొండ శిఖరం మీద మబ్బు దిగింది. దక్షిణపు గాలి మొదలైంది. మధ్యాహ్నం దాటాక వాన పడుతుందని రేడియో పొద్దున్నే చెప్పింది.

ఆ గడ్డి తడిస్తే ముక్కిపోతుంది. ముక్కితే చలికాలానికి మేత లేదు. మేత లేకపోతే ఆవును అమ్ముకోవాలి. ఇంట్లో ఉన్నది ఒక్క ఆవు. ఉమిహానాకు పాలు చాలడం లేదు, బిడ్డ సగం ఆ ఆవు మీదే బతుకుతున్నాడు.

కిటికీలోంచి చూసింది. ఊట దగ్గర ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో పళ్ల కర్రలున్నాయి. అందరూ ఈ ఇంటి వైపే చూస్తున్నారు. ఒక్కరూ కదలడం లేదు.

బిడ్డను అత్తగారికి ఇచ్చి ఉమిహానా ఊట దగ్గరికి వెళ్లింది. ఆమెను చూడగానే సగంమంది పక్కకు జరిగారు.

"వదినల్లారా, మబ్బు చూశారా? రండి" అంది.

"వస్తాం, ఎందుకు రాం?" అంది పెంబా. "ఎవరైనా ఒకరు ముందు వెళ్తే వెనకాలే వస్తాను. రెండోదాన్నయితే ఇప్పుడే బయల్దేరతా."

"నేనూ రెండోదాన్నే" అంది ఇంకొకామె.

"మీరంతా రెండోవాళ్లయితే మొదటిది ఎవరే?"

"దాన్ని పిలిచింది నువ్వే కదమ్మా. మమ్మల్నడుగుతావేం?"

నవ్వారు. ఉమిహానాకు నవ్వు రాలేదు.

"ఇంటికి రావద్దులే. సరాసరి పొలానికి రండి."

"పొలంలో దాహమేస్తే? నీళ్లు అడగమూ? అడిగామా, అయిపోయామే. నా కూతురికి సంబంధం చూస్తున్నారు. వాళ్ల చెవిన పడితే గుమ్మం తొక్కుతారా?" అంది ఒక పెద్దామె.

"నువ్వు ఎవరితోనూ అననన్నావు, పెంబా."

"నేనెవరితో అన్నాను? మా ఆడపడుచుతో అన్నా. అదీ మంచికే. పాపం, ఉప్పు నిండుకుందని నీ దగ్గరికే బయల్దేరుతోంది."

ఉమిహానా అక్కడినుంచి తిజా ఇంటికి నడిచింది. ఎందుకు వెళ్తోందో తనకే సరిగా తెలియదు. చూడాలని ఉంది, అంతే. తిజా కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"ఉప్పు తెచ్చావా?" అంది.

"నేనేం అనలేదు, తిజక్కా."

"నువ్వనలేదు. నీ కాళ్లు అన్నాయి. ఊట దగ్గర అంతమంది ఉంటే నా దగ్గరికి ఎందుకు వచ్చావు?"

తిజా మిషను ఆపి తల ఎత్తింది.

"నాకు పెళ్లి తప్పిపోయిన ఏటినుంచి ఈ ఊళ్లో ఎవరి గడపలోనూ ఉప్పు అడగలేదు. ఉప్పు కాదు, అగ్గిపుల్ల అడగలేదు. సంతలో బస్తా కొని పెట్టుకుంటాను. ఎప్పుడు ఎవరు ఎవర్ని పిలిచారో నాకేం తెలుసు? ఇవాళ నేను నీ వాకిట్లో అడుగుపెడితే వాళ్లంతా పండగ చేసుకుంటారు. తిజానే అనుకున్నాం, తిజానే అయింది అంటారు. ఆ తర్వాత నా దగ్గర బట్టలు ఎవరు కుట్టించుకుంటారు?"

"బిడ్డను ఎత్తుకున్నప్పుడు మాషల్లా అనలేదు నువ్వు."

"అనేలోపే నోట్లో గుండుసూదులు పెట్టుకున్నానే" అంది తిజా. "నువ్వే కదా, నీ జాకెట్టు బిగుతు సరిచేస్తున్నా, ఎదురుగా నిలబడి ఉన్నావు."

అది నిజమే. ఉమిహానాకు గుర్తొచ్చింది.

తిజా దారం కొరికింది. "ఎవరైనా ముందు వెళ్తే చెప్పు. వామి ఎక్కి తొక్కేది నేనే. నాలా తొక్కేవాళ్లు ఈ ఊళ్లో లేరు."

ఇంటికి వచ్చేసరికి అత్తగారు దెర్విషా గుమ్మంలో బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆమె ఊట వైపు చూసింది, మబ్బు వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"రావడం లేదూ?"

"రారు, అత్తమ్మా."

"అనేముందు నన్ను లేపాల్సింది. అన్నావు పో, నోరు కట్టుకోవాల్సింది. నీళ్లకు వెళ్లి ఊరికి టముకు వేసొచ్చావు."

"తప్పయిపోయింది. వెనక్కి తీసుకునే దారి లేదా?"

"లేదు. ఎవరో ఒకరు వచ్చి అడగాలి. అడిగేదాకా ఈ గడప మూసుకున్నట్టే. వారమైనా, నెలైనా."

దెర్విషా బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టింది. పెట్టెలోంచి ఉతికిన తలగుడ్డ తీసి కట్టుకుంది. మేజోళ్లు సరిచేసుకుంది. ఏమీ చెప్పకుండా మెట్లు దిగి కింద కొట్టంలోకి వెళ్లింది. ఆవును చూడ్డానికి వెళ్లిందనుకుంది ఉమిహానా. కొట్టం వెనక తలుపు కిర్రుమంది.

కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది.

ఉమిహానా చేతిలో ఉన్నది కింద పెట్టి పరుగెత్తింది. ఎవరొచ్చారు? గడియ లాగింది. తలుపు తెరిచింది. గుమ్మం బయట దెర్విషా నిలబడి ఉంది. కొట్టంలోంచి పోయి, కంచె చుట్టూ తిరిగి, ఊట ముందునుంచి నడిచి వచ్చింది. ఆమె వెనక దూరాన ఆడవాళ్లందరూ మెడలు చాచి ఉన్నారు.

"పక్కింటమ్మా!" అని గొంతెత్తింది దెర్విషా. "కాస్త ఉప్పుంటే పెడతావా?"

"అత్తమ్మా, ఏంటిది?"

"ఎవరే నీకు అత్తమ్మ? ఉప్పు కోసం వచ్చిన ఆడదాన్ని. ఉందా లేదా, చెప్పు."

ఉమిహానా ముందుకు వంగి గొంతు తగ్గించింది. "లోపలికి రండి. వద్దు. మీ పని ఏమవుతుందో ఆలోచించారా?"

ఆ చుట్టుపక్కల ఎక్కడ ఆడమనిషి పోయినా కడసారి స్నానానికి దెర్విషాకే కబురు వస్తుంది. మంచు మోకాళ్లదాకా ఉన్నా వెళ్తుంది. ఆ కబురు వచ్చినప్పుడు తప్ప ఆమె నడుము నిటారుగా పెట్టి నడవడం కోడలు చూడలేదు. మోరా చేతులతో తమ వాళ్లను ఎవరు కడగనిస్తారు?

"చచ్చినవాళ్లు వద్దంటారా?" అంది దెర్విషా, ఆమె కూడా మెల్లగా. "బతికున్నవాళ్ల సంగతి తర్వాత చూద్దాం. వాన వస్తోంది, పిల్లా."

ఉమిహానా లోపలికి వెళ్లింది. ఉప్పు డబ్బా తీసింది. పిడికెడు తీసి కాగితంలో పోసింది. రొట్టె విరిచింది. తిరిగి వచ్చేటప్పుడు ఉయ్యాల దాటుతూ ఒక్క క్షణం ఆగింది. ఉయ్యాలకూ అత్తగారి మంచానికీ మధ్య చెయ్యి పట్టేంత దూరమే ఉంది. అది ఇన్నాళ్లూ ఆమె లెక్కలోకి రాలేదు. ఊళ్లో గుమ్మాలన్నీ తలచుకుంది గాని, తన గుమ్మం తలచుకోలేదు.

బయటికి వచ్చి ఉప్పూ రొట్టె అత్తగారి చేతుల్లో పెట్టింది.

"ఇదిగో నీ ఉప్పు. ఇంక ఈ ఇంటికి రాకు" అంది.

"గట్టిగా అను. పెంబాకు చెవుడు."

"ఇదిగో నీ ఉప్పు!" అని అరిచింది ఉమిహానా. "ఇంక ఈ ఇంటికి రాకు!"

దెర్విషా ఉప్పు పొట్లం తలగుడ్డ కొంగులో కట్టుకుంది. వెనక్కి తిరిగి కొట్టం వైపు నడిచింది.

పెంబా రెండోదిగా వచ్చింది. అన్న మాట ప్రకారం పరుగెత్తుకుంటూనే వచ్చింది. వెనక మిగతావాళ్లు. కాఫీ ఎవరూ అడగలేదు, సమయమూ లేదు. ఉమిహానా బిడ్డను వీపున కట్టుకుంది, పళ్ల కర్రలు భుజాన వేసుకుని అందరూ వాలు ఎక్కారు.

దెర్విషా అప్పటికే అక్కడ ఉంది. అంచున మొదలుపెట్టి గడ్డి లాగుతోంది. ఆడవాళ్లు ఆమెకు కొంచెం ఎడంగా వరస కట్టారు.

"దెర్విషా పిన్నీ, నిన్న రాత్రి మా ఇంటి మీదుగా వెళ్లావా?" అని అడిగింది ఒకామె. "మా ఆయనకు గుండెలమీద బరువుగా ఉందట."

"మీ ఆయన తిన్నది దిగక బరువుంటుంది. నేను ఆ వాసనకు రాలేనమ్మా."

నవ్వులు వరసంతా పాకాయి. ఆ తర్వాత ఎడం కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు. దెర్విషా కూజాలో నీళ్లు తాగి పక్కన పెడితే, ఆ తర్వాత దాన్ని ముట్టుకోవడానికి పెంబా కొంచెం ఆలోచించింది. ఆలోచించి, అంచు తుడిచి, తాగింది. ఉమిహానా అది చూసింది. దెర్విషా కూడా చూసింది.

తిజా వచ్చి వామి ఎక్కింది. కింద నుంచి విసిరిన గడ్డిని విసిరినట్టే తొక్కుతూ కర్ర చుట్టూ తిరిగింది. గాలికి ఆమె పావడా ఊగుతుంటే కింద నుంచి వేళాకోళాలు ఆడారు. ఆమె పైనుంచి అంతకంటే మొరటువి ఆడింది. మొదటి చినుకులు పడేసరికి వామి తల ముడి పడింది. కింది వాలులో కొన్ని కుప్పలు మిగిలి తడిశాయి. వాటిని కొట్టంలో పశువు కింద పరచడానికి పక్కన పెట్టారు. ఆవుకు చలికాలం గడుస్తుంది. అందరూ తలమీద గోనెలు వేసుకుని ఎవరిళ్లకు వాళ్లు పరుగెత్తారు.

ఇంట్లో ఉమిహానా పొయ్యి దగ్గర కాఫీ పెట్టింది. వాన కప్పు పెంకుల మీద పడుతోంది. అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఉమిహానా అడగకూడదనుకుంది. కప్పు సగమయ్యేదాకా ఆగింది.

"అత్తమ్మా, మీరేనా?"

దెర్విషా నోట్లో చక్కెర బిళ్లను కరగనిచ్చింది.

"నాకేం తెలుసు?" అంది. "నేను పడుకుంటాను. పొద్దున లేస్తాను. మధ్యలో ఏమైందో పడుకున్నదానికి ఎలా తెలుస్తుంది? మా అమ్మ కూడా ఇలాగే ఒకర్ని పిలిచింది. వచ్చింది ఆమె సొంత చెల్లెలు. పాపం, ఆ పిల్ల జల్లెడ అడగడానికి వచ్చింది. నేనా, నేనా అని చచ్చేదాకా అందరినీ అడుగుతూనే ఉంది."

"మీకు అనుమానం లేదా?"

"ఇవాళ పొద్దుటిదాకా లేదు." దెర్విషా కప్పు బోర్లించింది. "ఆ గుమ్మం ముందు నిలబడి అడుగుతుంటే మాత్రం వచ్చింది. నిజంగా ఉప్పు కావాలనిపించింది నాకు."

తర్వాత దెర్విషా లేచి తన పరుపు చుట్టడం మొదలుపెట్టింది. కొట్టం పైన అటక మీద పడుకుంటానంది. బిడ్డకు నెమ్మదించేదాకా అంది.

ఉమిహానా ఆమె చేతుల్లోంచి పరుపు లాక్కుని మళ్లీ మంచం మీద పరిచింది. ఉయ్యాలను ఆ మంచానికి ఇంకా దగ్గరికి జరిపింది.

"అటక మీద ఉంటే నేను చూడ్డం ఎలా?" అంది.

"ఏం చూస్తావు?"

"పురుగు వస్తే మిమ్మల్ని లేపుతాను. లేచారా, మీరు కాదు."

దెర్విషా కోడలి మొహంలోకి చూసింది. "లేవకపోతే?"

ఉమిహానా దాని గురించి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడిపడేలా.

"లేచేదాకా లేపుతాను" అంది.

"సరే. ముందు ఆ ఆవుకు మేత వేసిరా" అంది దెర్విషా, మంచం మీద కూర్చుని మేజోళ్లు విప్పుకుంటూ.