మంచు తొడుక్కున్న తోట

వాన సంగతి పెద్దాయనకు ఒకరు చెప్పాలా? సొంత ఊళ్ళో యాభై ఏళ్ళు గుప్పెడు మట్టి వాసన చూసి చినుకు ఎప్పుడు పడుతుందో చెప్పిన మనిషి. అక్కడి పొలం అమ్ముకుని, కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని ఈ చలిదేశం వచ్చి, యాపిల్ తోట కౌలుకు పట్టాక మాత్రం, పాపం, మట్టి ఆయనతో మాటలు మానేసింది. పోయిన ఏడాది ఒక్క చలికి పూతంతా మాడిపోయింది. ఈసారీ కాయ నిలవకపోతే తోట ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి చెప్పేశాడు.

తెల్లారుతుండగా ఆయన కంబళి కప్పుకుని తోటలోకి వచ్చేసరికి స్ప్రింక్లర్లు చెట్ల మీద నీళ్ళు చిమ్ముతున్నాయి. కొమ్మకొమ్మకీ మంచుగడ్డ కట్టింది. విచ్చిన పూలన్నీ అందులో బిగుసుకుపోయాయి. అవతల కొడుకు పంపులో డీజిల్ పోస్తున్నాడు. కోడలు నీళ్ళ వాల్వు చక్రం పట్టుకుని పళ్ళ డబ్బా మీద కూర్చుంది. దర్జీ కూతురు, పెళ్ళికి ముందు పొలం గట్టు ఎక్కి ఎరగదు.

"లే. నీళ్ళు ఆపెయ్యాలి" అన్నాడు ఆమెతో.

"ఆపకూడదు మామయ్యా."

ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు అంతవరకు లేరు.

"మూలిగే నక్క మీద తాటికాయ పడేశావు కదమ్మా. చలికి చచ్చేవాటి మీద నీళ్ళు పోస్తారా?"

"పక్క తోట ముసలామె చెప్పింది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు కాస్త వేడి వదులుతాయట. పడుతున్నంతసేపూ పువ్వుకేం కాదట. మధ్యలో ఆపితేనే చస్తాయట."

"గడ్డకడితే వేడా? ఎవరి చెవిలో పువ్వు పెడతావు?"

"నాకూ భయంగానే ఉంది. అయినా ఆపను మామయ్యా."

ఆమె వేళ్ళు చలికి నీలంగా మారాయి. చక్రం మాత్రం వదల్లేదు.

అంతలో ఎండ వచ్చింది. చివరి వరసలో మొదలై ఒక్కో చెట్టూ వెలుగుతూ ఆయన దాకా వచ్చింది. గడ్డలోంచి పూల రేకల మీది ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. తోట మొత్తం వెలుగే. ఇన్నేళ్ళ సేద్యంలో చూసిందేమిటి, ఇదేమిటి అనిపించింది. భయమేసింది. చేతులు జోడించాలనిపించింది. కోపం ఎటుపోయిందో తెలియలేదు.

ఒక పువ్వు తుంచి, అరచేతిలో గడ్డ కరిగించి, గోటితో నిలువునా చీల్చాడు. చచ్చిన పువ్వుకు నడుమ నల్లగా ఉంటుంది. పోయిన ఏడాది ఆయన చూసిందంతా ఆ నలుపే. ఇది పచ్చగా ఉంది. ఇంకొకటి చీల్చాడు. అదీ పచ్చగానే ఉంది. పదకొండోదానికి చెయ్యి చాస్తుంటే కోడలు అంది: "చాలు మామయ్యా, కాయడానికి కొన్ని ఉంచండి."

ఆయన కంబళి తీసి ఆమె భుజాల మీద కప్పాడు. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు కొయ్యాలో ఒకప్పుడు ఊరంతా ఆయన్నే అడిగేది.

"ఎప్పుడు ఆపమంటావమ్మా?" అని అడిగాడు.

"గడ్డ తనంతట తానే రాలిపోయేదాకా ఆపొద్దు."

"సరే. నువ్వెళ్ళి చేతులు కాచుకో" అని, ఆమె లేచిన డబ్బా మీద కూర్చుని, చక్రం పట్టుకున్నాడు.