నీళ్లడగని ముంగిలి

అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నారు. గేటు ఒకటే, ముందున్న లాన్ కూడా ఒకటే. పక్కింట్లో ఉండేది మా అక్క. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. తోడబుట్టినవాళ్లయితే పొద్దున జుట్లు పీక్కుని సాయంత్రానికి కలిసిపోతారు. తోడికోడళ్లకి ఆ సౌకర్యం లేదు. మేం మాట్లాడుకోవడం మానేసి ఎండాకాలం సగం గడిచిపోయింది.

గొడవంతా గడ్డి గురించే. లాన్లకి నీళ్లు పెడితే కుళాయి కట్ చేస్తామని అధికారులు చెప్పారు. నేను మంచికే పోయి, "గడ్డి తీసేసి గులకరాళ్లు పరిపిద్దాం అక్కా, నీళ్లడగని మొక్కలు వేద్దాం" అన్నాను. ఆ గడ్డి అక్క స్వయంగా నాటింది. కూరగాయలు కడిగిన నీళ్లు కూడా పారబొయ్యకుండా దానికే పోసేది.

"నా సగం జోలికి రాకు" అంది.

ఆ గడ్డికి సగాలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నేనేమైనా తక్కువ తిన్నానా? "నీ సగం నువ్వే ఊరేగించుకో" అన్నాను. అది చిలికి చిలికి గాలివానయింది.

అక్కతో మాట్లాడకపోతే నాకు రోజు గడవదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేను మాడబెట్టినవన్నీ పెరటి దారిన పట్టుకుపోయి, తను వండినవి నా గిన్నెల్లో సర్ది, అత్తగారి ముందు నన్ను పనిమంతురాల్ని చేసింది అక్క. మా ఆయనకి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. అలాంటి మనిషి రోజూ కిటికీకి అవతల బట్టలారేస్తుంటే, పలకరించకుండా ఊరుకోవడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. ఆమె వైపు గడ్డి పసుపురంగుకి తిరిగింది. నాదే పైచేయి అయిందని సంతోషం కలగాలి. కలగలేదు.

ఒకరోజు బావగారు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "మీ అక్క మధ్యలో కంచె వేయిద్దామంటోందమ్మాయ్. సోమవారం మనిషి వస్తాడు. నీకేం అభ్యంతరం లేదుగా?"

"నాకెందుకుంటుంది బావగారూ" అన్నాను.

ఆయన వెళ్లాక మా ఆయన పేపర్ దించాడు. "ఉందని చెప్పొచ్చుగా."

"చెప్పడానికి నోరు రావాలిగా."

"రోజంతా నా మీదికి బాగానే వస్తుంది."

నాకు నవ్వు రాలేదు, భయమేసింది. కంచెలు వేసుకున్నవాళ్లని చాలామందిని చూశాను. పీకేసినవాళ్లని ఒక్కళ్లనీ చూడలేదు. సోమవారం దాటితే అక్క నాకు పక్కింటావిడ అయిపోతుంది.

పౌరుషం కొద్దీ మా సగంలో పని మొదలుపెట్టించాను. మేస్త్రి చేతి పని బంగారం, కానీ ఏం చెప్పినా "సరేనమ్మా" అంటాడు తప్ప ఎందుకని ఒక్కసారీ అడగడు. గడ్డి చెక్కేశాడు, మళ్లీ మొలవకుండా గుడ్డ పరిచి గులకరాళ్లు పోశాడు. మధ్యమధ్యలో కలబందలు, బిల్లగన్నేర్లు నాటాడు. గేటు నుంచి మా మెట్లదాకా రాతిబిల్లలతో బాట వేస్తున్నాడు. మెట్ల నుంచి కుళాయిదాకా కూడా వేయిస్తే బురద తొక్కే బాధ తప్పుతుందనిపించి, శనివారం పొద్దున పనికి వెళ్తూ చెయ్యి చాపి అటు చూపించాను. కుళాయి ఉన్నది అక్క ఇంటి వైపు.

మధ్యాహ్నం అతను ఫోన్ చేసేసరికి నేను కుట్టుమిషన్ల మధ్య ఉన్నాను. మా వర్క్‌షాపులో ఆ మోతకి పక్కవాళ్ల తుమ్ము కూడా వినిపించదు.

"మెట్లదాకా అయిపోయిందమ్మా. బిల్లలు చాలానే మిగిలాయి. ఏం చెయ్యమంటారు?"

"పొద్దున చూపించానుగా. అక్కడదాకా వేసెయ్యండి."

"సరేనమ్మా."

సాయంత్రం నేను వచ్చేసరికి మా ఆయన గేటు దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బాట మా మెట్ల దగ్గర పక్కకి తిరిగింది, కుళాయిని దాటింది, గులకరాళ్లని దాటింది. అక్క సగంలోని గడ్డిని నిలువునా చీల్చుకుంటూ పోయి ఆమె మెట్ల దగ్గర ఆగింది.

నేను మేస్త్రి దగ్గరికి పరుగెత్తాను. "ఏంటిది మేస్త్రిగారూ?"

"అక్కదాకా వెయ్యమన్నారుగా అమ్మా."

"అక్కడదాకా అన్నాను."

"ఆ 'డ' నాకు వినపడలేదమ్మా. పీకేయమంటారా?"

పీకినా తవ్విన గడ్డి తిరిగి అతుక్కోదు. అదీగాక, అంత పొడవునా పరుచుకున్న ఆ బాటని చూస్తుంటే పీకమనాలనిపించలేదు. ఇంతలో గేటు చప్పుడైంది. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన అక్కా, బావగారూ తిరిగొచ్చారు.

అక్క కొత్త కళ్లజోడు సర్దుకుని బాట వెంట చూపు పోనిచ్చింది. నా మొహం చూడకుండా మేస్త్రిని అడిగింది. "నా గడ్డి ఎవరు తవ్వమన్నారు?"

అతను నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. చెబితే నా తప్పేం లేదని తేలిపోతుంది. రాళ్లు లేచిపోతాయి, సోమవారం కంచె లేస్తుంది.

"నేనే తవ్వమన్నాను. అక్కదాకా వెయ్యమన్నాను" అన్నాను.

మా ఆయన నా వైపు చూశాడు. మేస్త్రి కూడా చూశాడు, కానీ అతనికి ఎందుకని అడిగే అలవాటు లేదు. బావగారు, "మరి సోమవారం ఆ కంచె మనిషి..." అని ఆగారు.

"మధ్యలో దారుంటే కంచె ఎలా వేస్తాడండీ? రావద్దని చెప్పండి. మీకు ప్రతిదీ విడమరిచి చెప్పాలి" అని విసుక్కుంది అక్క.

అని బాటెక్కింది. మా మెట్లదాకా వచ్చి, అక్కడ తిరిగి, తన ఇంటి వైపు నడిచింది. మధ్యలో ఒక బిల్ల ఊగింది. ఆగి, కాలితో అదిమి చూసి, మేస్త్రిని పిలిచింది.

"ఇది ఇప్పుడే సరిచెయ్యి. రోజుకి పదిసార్లు ఈ దారినే వస్తుంది మా చెల్లి. దానికి కిందకి చూసి నడిచే అలవాటు లేదు. పడిందంటే మూలుగుడు దానికి, చాకిరీ నాకు."

మేస్త్రి సుత్తి తెచ్చుకుని ఆ బిల్ల దగ్గర కూర్చున్నాడు. ఇన్నాళ్లకి అక్క నా మీద చెప్పిన మొదటి చాడీ అది. అందరూ చూస్తున్నారని తెలిసినా నాకు ఏడుపు ఆగలేదు.