అరలు ఖాళీ కాకముందే

ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసేది కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆవిడే. ఆవిడ ఇంటి కింద ఒక నేలమాళిగ ఉంది. విడాకులు తీసుకుని వెళ్తూ భర్త సోఫాలూ బీరువాలూ పట్టుకుపోయాడు గానీ, ఇద్దరూ ముచ్చటపడి కట్టించుకున్న వైన్ అరల్ని మాత్రం గోడల్లోంచి ఊడదీయలేకపోయాడు. పీడా పోయింది, అరలు మిగిలాయి అని నవ్వుకుంది అప్పట్లో.

వాటిని శ్రద్ధగానే చూసుకునేది. బిరడా ఎండిపోకుండా సీసాల్ని పడుకోబెట్టాలి. కదిలించకుండానే ఏది ఏదో తెలిసేలా చీటీ పైకి ఉండాలి. కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి. ఎప్పుడో పదేళ్ళకి తాగబోయేదాన్ని ఇవాళే కొనిపెట్టుకోవాలంటే బతుకు మీద చాలా నమ్మకం ఉండాలి. ఆవిడకి ఉండేది.

ఆ నమ్మకాన్ని కన్నకొడుకే తాగేశాడు. ప్రెస్సులో పని వాడికి. మొదట్లో స్నేహితులతో బయట తాగేవాడు. ఒక వానరోజు సాయంత్రం తాగి కారు నడిపి, వంతెన గోడని గుద్ది, ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. తాగేదేదో ఇంట్లో, తన కళ్ళముందే తాగనీ అనుకుంది. నేలమాళిగ తాళంచెవి వాడి చేతిలో పెట్టింది. దాచుకున్న మంచి సీసాలన్నీ అయిపోయాక, ఆ ఖాళీల్లో మామూలు సరుకు తెప్పించి నింపడం మొదలుపెట్టింది. ఖాళీ అర కనబడితే చాలు, ఆవిడకి వంతెన గోడ కళ్ళముందు మెదిలేది.

"పాముకి పాలు పోసి పెంచుతున్నావే," అంది ఫోన్లో అక్క.

"పుట్టలో ఉన్నంతసేపూ నాకు భయం లేదక్కా. బయట తిరిగితేనే భయం," అంది ఆవిడ.

అక్క నోరైతే మూయించింది గానీ తన మనసుకి సర్దిచెప్పుకోలేకపోయింది. మాన్పిస్తే రోడ్డు మీద పోతాడు, పోస్తే ఇంట్లో పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరుకు సర్దే రోజు ఒక్కటే వాడు మామూలు మనిషిలా ఉండేవాడు. పెట్టెలు మోసేవాడు. "ఇది నాన్నలాంటిదమ్మా, ఎన్నేళ్ళు దాచినా పులుపే," అని నవ్వించేవాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆవిడ ఆ రోజు కోసం ఎదురుచూసేది. అందుకే ఈమధ్య కిందికి దిగి ఏం అయిపోయిందో చూడడం కూడా మానేసింది. మందు దుకాణాయనకి ఫోన్ చేసి, ఎప్పటిలాగే పంపండి అనేసేది.

ఈసారి పెట్టెలు వచ్చేసరికి వాడు గుమ్మంలోనే ఉన్నాడు. నవ్వలేదు. ఒక పెట్టె ఎత్తుకుని దిగాడు, వెనకాలే ఆవిడ. లైటు వేసింది. అరలన్నీ నిండుగా ఉన్నాయి. పోయినసారి సర్దినవి సర్దినట్టే ఉన్నాయి, మీద సన్నగా దుమ్ము కూడా పట్టింది. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడి వైపు తిరిగింది.

"మానేశావా?"

"ప్రయత్నిస్తున్నానమ్మా. అరలు చూసి నువ్వే కనిపెడతావనుకున్నా."

"ఒక్క మాట చెప్పొచ్చు కదరా."

"ఎన్నిసార్లు చెప్పలేదు? నా మాటకి నా దగ్గరే విలువ లేకుండా పోయింది. ఈసారి నోరు మూసుకుని చేద్దామనుకున్నా. తాగే వేళకి ఎప్పటిలాగే రోజూ దిగొచ్చి, అన్నీ అలాగే ఉన్నాయని చూసుకుని పైకి వచ్చేసేవాణ్ణి."

"ఇప్పుడే ఫోన్ చేస్తా. ఇవీ అవీ అన్నీ పట్టుకెళ్ళిపొమ్మంటా."

"ఫోన్ సంగతి తర్వాత. ఒకటి అడుగుతా, చెప్పు. నేను మానతానని నువ్వెప్పుడైనా అనుకున్నావా?"

"అనుకున్నాను నాన్నా," అంది.

అంది గానీ ఆలస్యంగా అంది. ఆ మాట వచ్చేలోపే వాడు ఆవిడ ముఖం చదివేశాడు. బతికుంటే చాలనుకుంది తప్ప, బాగుపడతాడని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. వాణ్ణి ఎప్పుడో వదిలేసుకుంది. పెట్టెలు తెప్పించి మరీ వదిలేసుకుంది.

వాడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అరల్లో చోటు లేదు కనుక గోడవారన గోనెపట్టా పరిచి, కొత్త సీసాల్ని చంటిపిల్లల్లా ఒక్కొక్కటే పడుకోబెట్టాడు. చివరిది చేతిలోనే ఉంచుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు పైకెళ్ళమ్మా. నేనొస్తా."

వద్దురా అంటే ఆగేవాడేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నమ్మకం లేని మనిషి నోట మాట ఎలా వినబడుతుందో ఇప్పుడే ఇద్దరూ విన్నారు. ఆవిడ వాడి పక్కనుంచి ఒదిగి మెట్లెక్కింది.

వంటింట్లో రెండు కంచాలు పెట్టింది. మనసు మనసులో లేదు, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గ్లాసు తీసి, కడిగి, తుడిచి, వాడి కంచం పక్కన పెట్టింది. పెట్టాక చూసుకుంటే అది వైన్ గ్లాసు. తీసేద్దామని చెయ్యి చాచేసరికి వాడు పైకి వచ్చేశాడు.

వాడి చేతిలో సీసా లేదు. కిందే వదిలేసి వచ్చాడు.

కంచం వైపు చూశాడు, గ్లాసు వైపు చూశాడు. ఆవిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వాడు గ్లాసు చేతిలోకి తీసుకుని మళ్ళీ కిందికి దిగిపోయాడు.