నూనె చేతులు

పోదు, ఈ నూనె అంత జల్దీ పోదు, ఎర్ర సబ్బు అరిగి సగమయింది గానీ వేళ్ల సందుల్ల ఇంకా జారుతనే ఉన్నది, ఎట్ల పోతది, నలభై ఏండ్ల సంది మంది మోకాళ్లు రుద్దిన చేతులాయె, అనుకుంటూ సాయమ్మ గోపయ్య సేటు పెరట్ల నల్లా కింద కూసొని చేతులు తోముతనే ఉన్నది, గోడ మలుపు అవతల సేటు నవ్వు ఇనబడుతనే ఉన్నది, నవ్వు సేటూ నవ్వు, నీకేమాయె, రైసుమిల్లు రెండు పూటల తిరుగుతున్నది, ఎండకాలం సల్లగాలి సలికాలం ఎచ్చగాలి ఇచ్చే మిషిను ఢిల్లీ నుంచి లారీల దించుకున్నవు, మిర్యాలగూడ మొత్తంల ఇసొంటిది ఇంకెవ్వలింట్ల లేదని రేపు మిల్లర్లందరిని సూడనీకె చాయకు పిలిసినవు, నవ్వక ఏం జేస్తవు, సాయమ్మకు ఏసీల సంగతి గూడ తెలుస్తదట, ఇగ జవహర్ దుకాణం బంద్ పెట్టి మోకాళ్లు రుద్దుకోవాలె అన్నడు సేటు, మాట అంటే అన్నడు గానీ మిషిను బిగించే ఆ జవహర్ గూడ కిసుక్కున నవ్వె, పొద్దుగాల నా చేతి చాయ తాగిన పోరడు, అవ్వా అవ్వా అని తిరిగినోడు నవ్వె, ఆ నవ్వుకే కడుపు మండింది, ఆ నల్ల సిలిండరు దానికి పెట్టకుర్రి, పేలుతది అని తను ఎంత గట్టిగ ఒర్రింది, గోడకు చెప్పినా గోడ ఇనేది.

ఉరికిపోయి సిలిండరుకు అడ్డం కూసుండాలని ఉన్నది, కానీ ఈ చేతులతోటి ఎట్ల పోతది, మోచేతుల దాకా నువ్వుల నూనె, ఇప్పటిదాకా సేటు తల్లి మోకాలికి మర్దన జేసె, ఆ పెద్దమ్మకు సలికాలమొస్తే కాళ్లు ముడుసుకోవు, రాత్రంత దగ్గు, ఇంట్ల ఎచ్చగ ఉంచాలె అని డాక్టరు చెప్పినందుకే గద ఈ మిషిను, మంచిదే, తల్లి కోసం తెప్పిచ్చిన కొడుకును ఎవ్వలు తప్పు పడతరు, కానీ పెద్దమ్మ మంచం ఉన్నది ఆ గోడకు ఇవతల, మిషిను డబ్బ ఉన్నది అవతల, నడుమ జానెడు గోడ, అది పేలితే ముందుగాల పోయేది జవహరు, ఆ తర్వాత కొడుకు ఎచ్చగ ఉంచాలనుకున్న తల్లే, ఈ సంగతి ఎవ్వలి బుర్రకు ఎక్కది, జర బూడిద పెట్టి తోముదాం, బూడిదకు పోతదేమో.

రెండు దినాల సంది కండ్లతోటి సూస్తనే ఉన్నది గదా తను, వరండాల పెద్దమ్మ కాళ్లు రుద్దుకుంట జవహర్ చేసే పని సూసుడే పని, పాలకీడు దిక్కు తండ పిల్లగాడు, హైదరాబాదుల మూడేండ్లు నేర్సుకొని వచ్చిండు, ఏమడిగినా ఇసుక్కోకుంట చెప్పిండు, ఇది మంట పెట్టది అవ్వా, బయట గాలిల ఉన్న ఎచ్చదనాన్ని గుంజుకొచ్చి ఇంట్ల పోస్తది, ఎండకాలం తిరగేసి ఇంట్ల ఎచ్చదనాన్ని బయట పారబోస్తది అన్నడు, ఇంత సలిల బయట ఎచ్చదనం యాడిదిరా కొడుకా అంటే, నీ పెద్దమ్మ నోట్ల తీపి మాట లెక్క, కనబడది గానీ గుంజితే వస్తది అన్నడు, పెద్దమ్మ మంచంల నుంచే చేతికర్ర లేపింది, ముగ్గురూ నవ్వుకున్నరు, మంచోడు, పనోడు, రాగి పైపు వంచితే నలగకుంట వంచిండు, అతుకులు వేసినంక లోపల గాలి గట్టిగ పట్టిస్త అవ్వా, అతుకుల మీద సబ్బు నురుగు పూస్త, బుడగ లేస్తే లీకు, లేవకుంటే అప్పుడు లోపలి గాలి, తడి అంత పంపుతోటి గుంజేసి అసలు గ్యాసు తూకమేసి ఎక్కిస్త, ఎక్కువ ఎక్కినా చెడుతది తక్కువ ఎక్కినా చెడుతది అన్నడు, గ్యాసుకు గూడ తూకమా అని తను నోరు తెరిసింది, మరి ముందుగాల పట్టిచ్చే గాలి ఏం గాలి అంటే, నైట్రోజన్ అని ఇదో ఈ బూడిదరంగు సిలిండరుది అని చూపిచ్చిండు, అన్నీ సక్కగనే ఉండె, ఒక్క అతుకు దగ్గర సుయ్యిమని లీకు కొట్టింది, దాన్ని పట్టుకునేవరకు సిలిండరు ఖాళీ అయింది, ఇగ ఇంకోటి హైదరాబాదు నుంచి రావాలె, రెండు దినాలు పడతది సేటూ అన్నడు జవహరు.

రెండు దినాలా, రేపు మందిని పిలిసి నేనేం సూపియ్యాలె, ఖాళీ డబ్బనా అని సేటు ఎగిరిండు, గాలే గదరా, ఏ గాలైతేంది, మలుపు మీద లారీల వెల్డింగ్ షాపుల నిండు నల్ల సిలిండరు ఉన్నది, తెప్పిస్త, ఆ గాలే కొట్టు అన్నడు, జవహర్ తల గోక్కున్నడు, మా ఉస్తాదు నైట్రోజనే పెట్టాలన్నడు సేటూ అన్నడు, ఇది పెట్టొద్దన్నడా అని సేటు, ఒద్దని చెప్పలే అని జవహర్, మరి చెప్పలేదంటే పెట్టొచ్చనే గదా, మా మిల్లుల వడ్ల తేమ నేను సూస్త, నీ గాలి సంగతి గూడ నేనే సూడాల్నా అని సేటు, గాలంట గాలి, ఆ ఒక్క మాట కింద ఎన్ని కొంపలు మునిగినయో ఎవ్వలికెరుక, నైట్రోజనూ గాలే, ఆక్సిజనూ గాలే, ముక్కుల పోయేదీ గాలే, అన్నీ ఒక్క మాటల కట్టిపడేస్తిరి, ఆ డబ్బల ఏమున్నదో జవహరే నిన్న చెప్పె, దానిల నూనె ఉంటది అవ్వా, గ్యాసుతోటి కలిసి తిరుగుకుంట నీ లెక్కనే లోపలి కీళ్లన్నిటికి రుద్దుతది అని మురిపెంగ చెప్పె, నూనె, లోపల నూనె, బయట ఆ నల్ల సిలిండరు గాలి, ఆ రెండు ఒక్కతాన కూడితే ఏమైతదో ఈ మిర్యాలగూడల తనకు తెలిసినంత ఎవ్వలికి తెలుసు, పేలుతది అన్నది, సేటు మూతి వంకర పెట్టి, నీకెట్ల తెలుసు అన్నడు.

నీకెట్ల తెలుసు, ఆ మాటకే గద తను ఇటు నల్లా కాడికి వచ్చి కూసున్నది, ఎట్ల తెలుసో చెప్పాల్నా, పదమూడేండ్లాయె ఎవ్వలికీ చెప్పలే, కన్నబిడ్డకు గూడ చెప్పలే, కోదాడల పెద్ద రోడ్డు మీద లారీల షెడ్డు, ఆయన, నర్సయ్య, గ్యాసు వెల్డింగు చేస్తుండె, పదకొండేండ్లు చేసిండు, నీలి మంటను పెన్సిలు లెక్క పట్టుకునేటోడు, ఇరిగిన ఇనుము అతికితే అతుకు యాడున్నదో ఎతుక్కోవాలె, ఒక దినం పొద్దుగాల తొమ్మిది గంటలకు సిలిండరు మొకం మీద పేలింది, లారీల ఏసి సూర్యాపేట దవాఖానకు తీసుకపోయేవరకే ఖతం, తను పోయేసరికి తెల్ల బట్ట కప్పి ఉన్నది, షెడ్డు ఓనరు పోలీసాయన ముందట చేతులు కట్టుకొని, తాగొచ్చాడండీ, వద్దంటూనే ఉన్నానండీ, నా మాట వినలేదండీ అని అంత మెత్తగ చెప్పె, తాగుడా, నర్సయ్యనా, కల్లు వాసనకే కక్కేటోడు, పెండ్లిల మామ బలవంతంగ తాపిస్తే మూడు దినాలు మంచం దిగనోడు, లేదయ్యా, తాగడు అని తను మొత్తుకున్నది, నీకు తెలియదమ్మా, మగాళ్లు ఇళ్లల్లో చెప్పి తాగుతారా అన్నడు ఆ ఓనరు, వరండాల ఒక తెల్లకాయితం మీద వేలుముద్ర పెట్టిచ్చుకున్నరు, దానిల ఏం రాసిండ్రో ఎవ్వలు సదివి చెప్పిండ్రు, ఆయన తాగి సచ్చిండని రాసిందట, తన వేలుముద్ర తోటి తన మొగన్ని తాగుబోతును చేసిండ్రు, ఆ వేలి సిరా గూడ ఇట్లనే తోమింది, ఇట్లనే నల్లా కింద కూసొని, రెండు దినాలు పోలే.

పోనీ అంతవరకే అయితే ఎవ్వలతోనైనా కొట్లాడేది, పదకొండో దినం నాడు రూప్లా వచ్చిండు, ఆయనతోటి షెడ్డుల పని చేసినోడు, గడప దాటకుంటనే కూసొని నేల గీక్కుంట అన్నడు, అన్న తాగలే వదినే, సిలిండరు చావి బిగుసుకున్నది, తిరగలే, సద్ది మూట ఇప్పి చిన్న సీసా తీసి రెండు సుక్కలు నూనె పోసిండు, ఆ గాలికి నూనె అసలే పడదట వదినే, అగ్గి అక్కర్లేదట, నూనె తగిలితే సాలునట, మాకెవ్వలకు తెలుసు, నిన్న ఇంకో షెడ్డు ముసలి మేస్త్రి చెప్పిండు అన్నడు, సీసా ఎవ్వలిచ్చిండ్రని రూప్లా అడగలే, దేవుని లెక్క అడగకుంట పోయిండు, దగ్గు మందు సీసా అది, కడిగి, ఆరబెట్టి, నువ్వుల నూనె పోసి, సద్ది మూటల కట్టింది ఎవ్వలు, సలికి చేతులు నెర్రెలిచ్చినయి, నెత్తురు కారుతున్నది, పూటకు రెండుసార్లు రాసుకో అని తిట్టి మరీ కట్టింది ఎవ్వలు, ఎందుకే, ఇనుము పట్టుకునే చేతులకు సోకులా అని ఆయన నవ్వితే, మొగోనికి మొద్దుతనం ఎక్కువైందని ఎదురు నవ్వింది ఎవ్వలు, ఇదీ తనకు ఎట్ల తెలుసో, ఇది ఇప్పుడు సేటుకు చెప్పాలె, చెప్తే రేపటికల్ల మిల్లు హమాలీల దాకా పాకుతది, సాయమ్మ మొగన్ని సాయమ్మే సంపుకున్నదట అని, ఆ చేతులతోటి మా మోకాళ్లు రుద్దకు అని ఏ అమ్మ అంటదో, చెప్పకుంటే ఆ తండ పిల్లగాడు, ఆ పెద్దమ్మ.

చేతులు గరగర అంటున్నయి, పోయింది, బూడిదకు పోయింది, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన సూసుకున్నది, సబ్బు, బూడిద, ఇంకేం లేదు, కొంగుకు గూడ నూనె ఉన్నదేమోనని తీగ మీద ఆరేసిన ఉతికిన తువ్వాలకు తుడుసుకొని, కొంగు నడుముల దోపుకొని సాయమ్మ గోడ మలుపు తిరిగి గిర్రున పోయి నల్ల సిలిండరుకూ మిషిను డబ్బకూ నడుమ నేల మీద సతికిలబడ్డది, జవహర్ చేతుల పైపు పట్టుకొని అట్లనే నిలబడ్డడు, లే సాయమ్మా, నగుబాట్లు జెయ్యకు అన్నడు సేటు, లెవ్వ, నీకెట్ల తెలుసు అంటివి గద సేటూ, చెప్త ఇను, నా మొగన్ని ఈ గాలే తిన్నది, చావికి రెండు సుక్కల నూనె పోసిండు, ఆ నూనె సీసా నేనే కట్టిచ్చిన, నా చేతులతోటి కట్టిచ్చిన, రెండు సుక్కలకే మొకం లేకుంట పోయిండు, ఇగ నీ డబ్బల సుక్కలా, గిన్నెడు నూనె ఉన్నది, మీద దీన్ని కొట్టిస్తవా, ఇప్పుడు నవ్వు, నవ్వు మరి అన్నది, అన్నాక తన గొంతే తనకు కొత్తగ ఇనబడ్డది, పదమూడేండ్లు గొంతుల ఉన్నది బయట పడ్డది, ఎవ్వలు నవ్వలే, కానీ సేటు చెయ్యి గాలిల ఊపి, ఎప్పటి ముచ్చటనో ఇప్పుడు తెస్తవేంది సాయమ్మా, అది నీ మొగని కర్మ, ఇది ఢిల్లీ మిషిను అన్నడు.

కర్మ, తాగుడు అయిపోయింది, ఇప్పుడు కర్మ, రోషంతోటి తల తిప్పితే ఎదురుంగనే సిలిండరు మెడ మీద గడియారం లెక్క గుండ్రటి మీటరు, అద్దం లోపల ముల్లు, ముల్లు కింద ఎర్రటి అక్షరాలు, అయ్యో, ఇదే, ఇసొంటిదే, కోదాడ షెడ్డుకు సద్ది తీసుకపోయిన దినం తను అడిగింది, ఈ ఎర్ర గీతలేందయ్యా అని, కంపిని పేరు కావొచ్చే అన్నడు నర్సయ్య, ఇద్దరు మొకాలు పెట్టి సూసిండ్రు, ఇద్దరికీ అక్షరం ముక్క రాదు, మళ్ల కోపమొచ్చింది, పట్టలేని కోపం, ఇంత సదువుకున్నోళ్లు ఉన్నరు గదా ఈ ఇంట్ల, ఆ మీటరు మీద ఏం రాసున్నదో సదువుర్రి, సిలిండరు తెచ్చినోళ్లు ఒక్కళ్లైనా సదివిండ్రా అన్నది, సేటు కదలలే, తలుపు కాడ నిలబడ్డ సేటు బిడ్డ ఊర్మిళ, ఇంటరు సదివే పిల్ల, ముందుకొచ్చి వంగింది, పైన ఆక్సిజన్ అని ఉన్నది సాయవ్వా, కింద ఎర్రగ యూజ్ నో ఆయిల్ అని ఉన్నది అన్నది, అంటే అన్నది సాయమ్మ, అంటే నూనె వాడొద్దు అని, నూనె తాకియ్యొద్దు అని సాయవ్వా అన్నది ఊర్మిళ.

జవహర్ చేతుల పైపు జారి కింద పడ్డది, నేను గూడ సదవలే అవ్వా, నాకు ఇంగిలీషు అచ్చరాలొస్తయి, అయినా సదవలే అన్నడు, సిలిండరు మీద మూత పెట్టి, తుడిసిన చేతులతోటి దాన్ని మెల్లగ పొర్లించుకుంట గేటు దిక్కు పట్టుకపోయిండు, రెండు దినాలు ఆగుతది సేటూ అని పోతపోత అన్నడు, సేటు చెప్పుల దిక్కు సూస్తున్నడు, లోపలి నుంచి పెద్దమ్మ, ఏమైందే సాయమ్మా, ఒక్క కాలే రుద్దినవు అని పిలుస్తున్నది, వస్తున్న పెద్దమ్మా అన్నది గానీ లేవలే, మళ్లొక్కసారి చెప్పు బిడ్డా అన్నది, నూనె వాడొద్దు అన్నది ఊర్మిళ, గింతేనా, గీ రెండు మాటలేనా, పదకొండేండ్లు పొద్దూ మాపూ ఆయన కండ్ల ముందట ఎర్రగ రాసి ఉన్నయి, ఆ షెడ్డు ఓనరు కండ్ల ముందట గూడ ఉన్నయి, వాడు ఇంగిలీషుల సంతకాలు పెట్టేటోడు, రసీదులు సదివేటోడు, వానికి సదువొచ్చు, పని నేర్పిన దినమే పక్కన నిలబడి, నర్సయ్యా, ఇక్కడ నూనె ముట్టించొద్దని రాసుందయ్యా అని ఒక్కసారి అంటే వాని నోటి ముత్యాలు రాలుతుండెనా, సాయమ్మ తన రెండు చేతులు ఒళ్లో పెట్టుకొని తిప్పి తిప్పి సూసుకున్నది, బూడిదకు తెల్లగ పొడిబారి ఉన్నయి, ఇన్నేండ్లు ఈ చేతులను తోముకుంటనే ఉన్నది, తోమాల్సింది వీటిని కాదు, ఆయన తాగి పోలే, కర్మకు పోలే, ఆయన్ను సంపింది తను కట్టిచ్చిన సీసా గూడ కాదు, సదువొచ్చి సదివి చెప్పని నోరు సంపింది.