గోడ పక్క దీక్ష

సోమనర్సయ్య ముఖం చూస్తేనే ఖుర్షీద్ బేగానికి ఒళ్లు మండేది. జనగామలో ఆమె ఇంటి పక్క ఖాళీ జాగా కొన్న కాంట్రాక్టరు అతను. మొన్నటి దాకా తెలంగాణ ఉద్యమం ఊసెత్తితే పక్కకు చూసిన మనిషి, సకల జనుల సమ్మె మొదలై మున్సిపాలిటీకి తాళం పడగానే మెడలో కండువా వేసుకుని ఊరందరికన్నా పెద్ద ఉద్యమకారుడైపోయాడు. జాగా ముందు రిలే నిరాహార దీక్షల శిబిరం వేయించాడు. బ్యానర్ మీద అందరికన్నా పెద్ద ఫొటో తనదే. శిబిరం వెనక మాత్రం పిల్లర్లకు గుంతలు తవ్వించాడు. ఆ గుంతలు సరిగ్గా బేగం గోడను ఒరుసుకుని దిగాయి.

ఆ గోడకు ఒకే ఒక కిటికీ ఉంది. దాని వెలుతురులోనే కూతురు జువేరియా మగ్గం చట్రం మీద జాకెట్లకు జరీ పని చేస్తుంది. బేగం వీధి అరుగు మీద అమ్మే గాజులు కూరనారకు సరిపోతాయి గానీ, ఇల్లు నడిచేది ఆ పిల్ల సూదితోనే. పక్కన గోడ లేచిందంటే ఆ గదిలో పట్టపగలే చీకటి.

అడగడానికి పోతే సోమనర్సయ్య రెండు చేతులూ జోడించాడు. ఆ జోడించడంలోనే ఉంది అతని పొగరంతా. రాష్ట్రం కోసం పిల్లలు ప్రాణాలిస్తుంటే కిటికీ కోసం కొట్లాడతావా అవ్వా అని నలుగురిలో అన్నాడు. కిటికీ అడిగినందుకు ఆమె ఉద్యమ ద్రోహి అయింది. చుట్టూ ఉన్న మగవాళ్లు తలలూపారు. వాళ్ల బుర్రలకు అంతకన్నా పని లేదని బేగం నిశ్చయించుకుంది.

కాగితం రాయించుకుని మున్సిపాలిటీకి పోయింది. ఉద్యోగులు గేటు ముందు రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నారు. ఇళ్ల పర్మిషన్లు చూసే హరిలాల్, మానుకోట పక్క తండా నుంచి వచ్చినవాడు, గోనెసంచి మీద కూర్చుని వంకాయలు తరుగుతున్నాడు. సమ్మెలో ఉన్నాం, కాగితం ముట్టనన్నాడు. నోటికి మాత్రం సమ్మె లేదు కాబట్టి సంగతంతా విడమరిచి చెప్పాడు. సోమనర్సయ్యకు పర్మిషన్ ఉన్న మాట నిజమే. కానీ ప్లానులో గాలీ వెలుతురు కోసం నీ గోడ వైపు జాగా వదిలినట్టు చూపించాడు, అది వదలకుండా కట్టడం తప్పు అన్నాడు.

"తప్పైతే కూలగొడతరా?" అని బేగం అడిగింది.

హరిలాల్ ఇంకో వంకాయ అందుకున్నాడు. "స్లాబు పడ్డదంటే ఇగ ఎవ్వరూ ముట్టరవ్వా. జుర్మానా కట్టించుకొని సక్కగ జేస్తరు. మేం డ్యూటీల కొచ్చేదాంక అది లేవకుంట సూసుకో."

తప్పును ఆపే ఓపిక లేని సర్కారుకు, లేచిన తప్పును దిద్దడానికి మాత్రం రూలుందన్నమాట. బేగం ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుని, వీళ్ల వంకాయ కూర తగలెయ్య అనుకుంటూ ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆమె దీక్షకు పేరిచ్చింది. గాజులమ్మే ఆడవాళ్ల వంతు అంది. సోమనర్సయ్య పొంగిపోయి స్వయంగా పూలదండ వేశాడు. దండ పడిన మరుక్షణం ఆమె చాప చంకన పెట్టుకుని శిబిరం వెనక్కి నడిచింది. ముందర ఎండ, గోడ పక్క నీడ అని చెప్పి, గుంతల నడుమ చాప పరిచి కూర్చుంది. తోటి గాజులమ్మేవాళ్లు ఓదెమ్మా, జమునా వెంట వచ్చారు. మరునాడు బీడీలు చుట్టే ఆడవాళ్ల వంతు. చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వాళ్లూ అక్కడే కూర్చున్నారు. ఎవరి వంతైనా నడుమ బేగం ఉండేది. పేపరువాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుపోయారు. ఇసుక వచ్చింది, ఇనుము వచ్చింది, మేస్త్రీ వచ్చి బీడీ అడుక్కుని తాగి పోయాడు. దీక్షలో ఉన్న ఆడవాళ్లను లేపి పిల్లర్ వేయించే దమ్ము సోమనర్సయ్యకు లేదు. పళ్లు నూరుకుంటూనే రోజూ వచ్చి వాళ్లకు దండలు వేశాడు. ఆ దండలు వేసేటప్పుడు అతని ముఖం చూడడం బేగానికి పండగలా ఉండేది.

సమ్మె ఆగింది. బేగం దాచిన కాగితం ఆఫీసులో ఇచ్చి వచ్చింది. హరిలాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని టేపుతో వచ్చాడు. గుంతలు కొలిచి, తప్పేనన్నాడు. అప్పుడు సోమనర్సయ్య అతని చెవిలో ఏదో ఊదాడు. టేపు బేగం ఇంటి ముందుకు నడిచింది. ఆమె భర్త కట్టించిన అరుగు మురుగునీటి మోరీని కప్పుకుని మున్సిపాలిటీ జాగాలోకి దిగి ఉంది.

హరిలాల్ ఆమెను పక్కకు పిలిచాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే అరుగు ఎవరి కంటా పడదనీ, లేదంటే రెండు నోటీసులూ రాయక తప్పదనీ గొంతు తగ్గించి చెప్పాడు. దూరంగా సోమనర్సయ్య మీసం కింద నవ్వుకుంటున్నాడు. ముసలిదాని నోరు ఇక లేవదని అతని ధీమా.

అరుగు పోతే బేరం పోతుంది. ఆ రాళ్లు భర్త కొండపర్తి దాకా పోయి ఏరి తెచ్చినవి. బేగం గాజుల మలారం వంక చూసింది, కిటికీ వంక చూసింది.

"రెండూ రాయి బేటా," అంది. "ముందుగాల ఆయనది రాయి. నేను సూస్త."

హరిలాల్ రాశాడు. సోమనర్సయ్య నవ్వు ఆరిపోయింది. గుంతలు పూడ్చమని అతనికి, అరుగు తీయమని ఆమెకు నోటీసులొచ్చాయి. గుంతలు పూడిన రోజే గడ్డపారలూ వచ్చాయి.

మొదటి రాయి లేస్తుంటే సోమనర్సయ్య చూడడానికి వచ్చి నిలబడ్డాడు. బేగం కళ్లు చెమర్చలేదు. రాళ్లు ముక్కలు కాకుండా తీయమని కూలీలకు చెప్పి, అతనికేసి ఒక్కసారి కూడా చూడకుండా లోపలికి పోయింది. వెనక గదిలో కిటికీ నిండా ఎండ పడుతోంది. జువేరియా సూది ఆపి, ఏమైందమ్మీ అని అడిగింది. అప్పుడు ఏడ్చింది బేగం, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా. వాడి ముందు ఏడ్చేంత విలువ వాడికి లేదు.