మేడమ్ ఎడమ చెప్పు

శనివారం రాత్రి ఏడు నలభైకి వసుంధర మేడమ్ ఎడమకాలు మోకాలి దాకా మురికినీళ్ల మోరీలో దిగింది. ఆ సమయంలో ఆమె పైకి చూస్తున్నారు. నేనూ పైకే చూస్తున్నాను.

నేను ఒక టార్చిలైటును. మూడు బ్యాటరీలు పడతాయి. ఎక్కడ తయారయ్యానో చెప్పలేను, ఊరి పేరున్న చీటీ ఊడిపోయింది. హైదరాబాదు పాతబస్తీలో ఒక సినిమా హాలు మేనేజరు నన్ను కొని మొగులయ్య చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్లు ఇద్దరం జనాన్ని సీట్లకు చేర్చాం. మా పనికి ఒకటే నియమం: వెలుగు నేల మీదే పడాలి. మొగులయ్య ఒక్కసారి తప్పాడు. ఆ వెలుగులో మేనేజరు గారి అల్లుడు కనిపించాడు. పక్కనున్నది మేనేజరు గారి అమ్మాయి కాదు. మళ్లీ నన్ను పైకెత్తలేదు.

హాలు మూసిన రోజు అందరూ కుర్చీలు మోసుకెళ్లారు. మొగులయ్య నన్ను చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆర్నెల్ల కింద వసుంధర మేడమ్ మమ్మల్ని పనిలో పెట్టుకున్నారు. చీకటి పడ్డాక ఊరు చూడ్డానికొచ్చినవాళ్లను చార్మినారు వెనక గల్లీల్లో తిప్పుతూ చరిత్ర చెప్పడం ఆమె పని. దారి చూపడం మాది. చూపించాం. జనానికి బండలు, గుంతలు, ఒకరి చెప్పులు ఒకరికి కనిపించాయి. నవాబుల ఇళ్లు కనిపించలేదని ఫిర్యాదులు రాశారు.

ఆ శనివారం మేడమ్ ముందే చెప్పేశారు.

"మొగులయ్యా, ఇవాళ కూడా నేలకే కొట్టావంటే వచ్చే వారం నుంచి రావద్దు. వీళ్లొచ్చింది మోరీలు చూడ్డానికి కాదు."

"పైకి కొడితే ఎవరో ఒకరు పడ్తరు మేడమ్."

"ఎవరూ పడరు."

మొగులయ్యకు వేరే పని లేదు. సరేనన్నాడు.

మూడో గల్లీలో మేడమ్ వెనక్కి నడుస్తూ పదకొండు మందికి చెబుతున్నారు. "అదిగో, నవాబు గారు సాయంత్రాలు కూర్చునే బాల్కనీ."

మొగులయ్య నన్ను పైకెత్తాడు. బాల్కనీలో లుంగీ కట్టుకున్న ఒకాయన దువ్వెనతో వీపు గోక్కుంటున్నాడు. పదకొండు ఫోన్లు ఆయన ఫొటో తీశాయి.

"ఎవరయ్యా లైటు కొట్టేది? నేనేమన్న పెండ్లికొడుకునా?" అన్నాడాయన.

మేడమ్ ఆయనకు సారీ చెబుతూ ఇంకో అడుగు వెనక్కి వేశారు. మోరీకి మూత లేదు.

మొగులయ్య ఆమెను లాగి బయట నిలబెట్టాడు. నన్ను మాత్రం ఆమె వైపు తిప్పలేదు. నేలకు దించాడు.

"మెల్లగ రాండ్రి మేడమ్. చీకట్ల మిమ్మల్నెవరు సూడలే."

తర్వాతి శనివారం ఏడింటికి మొగులయ్య పనికి వచ్చాడు. మేడమ్ బూట్లేసుకొచ్చారు. "కిందికే కొట్టు" అన్నారు.

ఎడమ చెప్పు ఇంకా దొరకలేదు.