డప్పు ఆపుండ్రి

లింగస్వామి కనబడటం లేదని తెలియగానే మంజులత చేసిన మొదటి పని, కన్నకొడుకు ప్రాణం మీదికి తెచ్చే పని. చాటింపు వేసే జంగయ్య ఇంటికి ఉరికి, "అన్నా, జర డప్పు కొట్టుకుంట ఊరంత తిరుగే, నా పోరడు కనబడ్తలేడు" అని కాళ్లావేళ్లా పడింది. పానగల్‌కు కూతవేటు దూరంలోని ఆ ఊళ్లో మేక తప్పిపోయినా, మనిషి తప్పిపోయినా అదే ఆనవాయితీ. డప్పు మోగితే తలుపులు తెరుచుకుంటాయి, అందరూ వెతకడానికి బయటికి వస్తారు. భయం పట్టిన మనిషికి బుద్ధి పనిచేస్తుందా? డప్పు చప్పుడు వింటేనే తన బిడ్డకు ప్రాణం పోతుందన్న సంగతి ఆ గడియలో ఆమెకు గుర్తే రాలేదు.

లింగస్వామికి ఐదేళ్లు నిండినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, ఎవరి కళ్లలోకీ చూడడు. బోనాల డప్పు వినబడితే చెవులు మూసుకుని గోడకు తల బాదుకుంటాడు. గాలి సోకిందని మంజులత అత్త సాలమ్మ తాయెత్తులు కట్టించింది, నిమ్మకాయలు తిప్పించింది. వెర్రి వెయ్యి విధాలని ఊరు నవ్వింది. చివరికి నల్లగొండ డాక్టరు చీటీ రాసిస్తే సికింద్రాబాద్‌లో ఇలాంటి పిల్లల బడికి తీసుకుపోయారు. అక్కడి టీచరమ్మ దాని పేరు ఆటిజమంది. గాలీ కాదు, ధూళీ కాదు, తల్లి చేసిన తప్పూ కాదు, పిల్లవాడు పుట్టిన తీరే అంతంది. తన తప్పు కాదన్న ఆ మాటకు మంజులత బస్టాండులో కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

టీచరమ్మ నేర్పింది చూడబోతే చాలా చిన్నది. అరవొద్దు. నేలమీద కూర్చుని, 'రా' అని ఒకే మాట, ఒకేసారి అనాలి. ఆగాలి. వచ్చాడా, వెంటనే వాడికి ఇష్టమైనది చేతిలో పెట్టాలి. మంజులత రోజూ పల్లిపట్టి ముక్క పట్టుకుని అర్రలో కూర్చునేది. "కుక్కపిల్లకు నేర్పినట్టు గదేం సదువే" అని భర్త రాములు ఎగతాళి చేసేవాడు. నవ్వినవాళ్లు నవ్వనీ, వాడు మెల్లమెల్లగా ఆ మూల నుంచి ఈ మూలకు రావడం నేర్చాడు. కానీ గోడల మధ్యే. ఆరుబయట ఒక్కనాడూ పిలుపుకు రాలేదు.

డప్పు వెంట ఊరు సగం కదిలింది. కిరాణా కొట్టు అహ్మద్ అలీ ఎదురొచ్చి, "గిప్పటిదాంక మా అరుగు మీదనే ఉండెనమ్మా. డప్పు ఇటు రాంగనే చెవులు మూసుకొని చేన్లకు ఉరికిండు" అన్నాడు.

మంజులతకు అప్పుడు తట్టింది. దేవుడా! డప్పే వాణ్ని ఊళ్లోంచి తరుముతోంది. తరమమని బతిమాలింది తనే.

"డప్పు ఆపుండ్రి!" అని కేక పెట్టి జంగయ్య చేతుల్లోని పుల్లలు పట్టుకుంది.

"పిచ్చి లేసిందా నీకు?" అని రాములు కసిరాడు. "పొద్దు గూకుతాంది!"

"ఆపకుంటే నా కొడుకు బతకడు!"

జంగయ్య ఆపాడు. కాసేపటికి చేన్ల వైపు నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పారు, పిల్లవాడు పాత మోటబాయి దగ్గర ఉన్నాడని.

మోట కొట్టే రోజుల్లో గిరక బిగించడానికి బాయి మీదికి ముందుకు తోసి పెట్టిన రాయి ఉంది. దాని కొసన కూర్చుని, చెవులు మూసుకుని, లింగస్వామి ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. కింద ఎక్కడో అడుగున నల్లటి నీళ్లు. వాడు ముందుకు ఊగినప్పుడల్లా మంజులత పైప్రాణాలు పైనే పోతున్నాయి.

రాములు ఉరకబోయాడు. ఆమె చొక్కా పట్టి లాగింది. "ఉరుకుతే దుంకుతడు. నీ కాళ్లు మొక్కుత, కదలకు."

ఎన్నడూ పెండ్లాం మాట వినని మనిషి నిలబడిపోయాడు. జంగయ్య గాలికి కూడా మోగకుండా డప్పు మీద అరచెయ్యి ఒత్తిపెట్టాడు.

మంజులత పల్లేరుకాయల్లోనే కూర్చుంది.

"రా."

ఒక్కసారే. రెండోసారి పిలవకుండా ఉండడమంత నరకం ఇంకోటి లేదు. పళ్లు బిగబట్టింది. చాలాసేపటికి వాడు ఊగడం ఆపి, చెవుల మీంచి చేతులు తీసి, ఆమె చేతుల వైపు చూశాడు.

కొంగు తడుముకుంది. పల్లిపట్టి లేదు. ఉత్త చేతులతో పిలిచింది.

అప్పుడు చేతికున్న మట్టిగాజులు కనిపించాయి. గాజును కంటికి అడ్డం పెట్టుకుని వెలుతురు చూడటమంటే వాడికి పిచ్చి ఇష్టం. సాలమ్మ మాత్రం ముట్టనిచ్చేది కాదు. ముత్తైదువ చెయ్యి బోసిగా ఉంటే మగనికి కీడని ఆమె భయం. తన మగడు పోయిననాటి నుంచీ ఆమె చేతులు బోసివే.

మంజులత ఒక గాజు లాగి కంటికి పెట్టుకుంది. వెనక ఆడవాళ్లెవరో "అయ్యో, మగడు ముంగట్నే ఉండె" అని గొణిగారు.

లింగస్వామి రాయి కొసన లేచి నిలబడ్డాడు. ఇటు తిరిగాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. మళ్లీ బాయిలోకి చూశాడు.

రెండో గాజు తీసింది. ఇక ఆ చేతికి మిగిలింది ఒక్కటే. ఆమె వేళ్లు దానిమీదే ఆగిపోయాయి. రాములు ఊపిరి చప్పుడు వీపు వెనకే వినబడుతోంది. భయం రెండు వైపులా గుంజింది.

సాలమ్మ వంగి వంగి వచ్చి పక్కన కూలబడింది. కొడుకు వైపు ఒకసారి చూసి, మనుమడి వైపు చూసి, గొంతు తగ్గించి అంది:

"తియ్యి బిడ్డా. అది గూడ తియ్యి."

చివరి గాజు బిగువుగా ఉంది. తోలు గీరుకుపోయి నెత్తురు చిమ్మింది. మూడు గాజులూ కలిసి గలగలమన్నాయి. వాడు రాయి దిగి మట్టిమీదికి వచ్చాడు. పట్టేసుకోవాలని చేతులు కొట్టుకుపోతున్నా మంజులత కదలలేదు. బాయి ఇంకా అడుగు దూరంలోనే ఉంది. వాడు నడిచి నడిచి వచ్చి, ఆమె చేతిలోంచి గాజులు తీసుకుని, ఒకటి కంటికి పెట్టుకున్నాడు.

అప్పుడు వాడి అంగీ అంచు పిడికిట్లో పట్టుకుంది. రాములు ఉన్నచోటే చతికిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. 'ఇయ్యాల నేనుంటిని. నేను లేనినాడో?' అన్న కొత్త భయం మంజులతను పట్టుకుంది.

సాలమ్మ కోడలి బోసి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, కొంగుతో నెత్తురు తుడుస్తూ అంది: "గట్ల పిలుసుడు నాకు గూడ నేర్పు."